చెవి దగ్గర పెట్టి కొన్న కెమెరా

మీట నొక్కగానే చేతిలోని బుల్లి కెమెరా 'జుయ్' మని సన్నగా మూలిగి, తాబేలు తల చాచినట్టు మూతి బయటికి పెట్టింది. ఆ చిన్న వణుకు అరచేతికి తెలిసింది. శంషాబాద్ బజారులోని ఈ దుకాణానికి మనవరాలు నవ్య నన్ను లాక్కొచ్చి పావుగంటైంది. దానికి కావలసిన కెమెరా ఫోటోలు బాగా తియ్యాలి, వీడియో కూడా తియ్యాలి, చేతిసంచిలో పట్టాలి. ఫోన్ ఉంది కదే అంటే, "ఫోన్ల తీస్తే ఫోన్ల తీసినట్టే ఉంటది తాతా" అంది. గల్లా మీద మూడు రకాలు పరిచారు. నేను చేతిలో ఉన్నదాన్ని కంటి దగ్గరికి కాక చెవి దగ్గరికి తీసుకుపోయాను. అమ్మే అమ్మాయి నవ్వాపుకుంటూ, "అంకుల్, అది ఫోన్ కాదు, కెమెరా" అంది. నేనూ నవ్వాను గాని చెవి దగ్గర్నుంచి దించలేదు. కెమెరాను చెవితో ఎంచుకోవడం నాకు యాదగిరన్న నేర్పాడు.

ఆయన సంగతి చెప్పే ముందు నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. శంషాబాద్‌లో మొట్టమొదటి విమానాన్ని దింపినవాణ్ణి నేనే. ఎయిర్‌పోర్టు గోడ కూడా లేవకముందు మాట. సరే, దిగింది నేల మీద కాదు, యాదగిరన్న ఫోటో స్టూడియోలో తెర మీద. అప్పటిదాకా నేను దుకాణాలకు బోర్డులు రాసి బతికేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి నా కుంచెలు ఎండిపోయాయి. నలభై దాటిన వయసులో పని కోసం తిరుగుతుంటే, ఫోటోలకు వెనక కట్టే తెర ఒకటి గీసిపెట్టమని యాదగిరన్న పిలిచాడు. పూలతోట గీయమంటే నేను గాలిమోటరు గీశాను. బేగంపేటలో విమానం లోపలికెక్కి చూసివచ్చాననీ, అందుకే కిటికీలు అంత అచ్చంగా కుదిరాయనీ చెప్పాను. నిజానికి బిస్కెట్ డబ్బా మీది బొమ్మ చూసి గీశాను. ఒక రెక్క పొట్టిగా వచ్చింది. ఆయన తెర ముందు చాలాసేపు నిలబడి, "కిష్టయ్యా, మనుషులను ఈ రెక్క దిక్కు నిలబెడ్తె సరిపోతది తియ్" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి స్టూడియోకే రమ్మన్నాడు.

నాకంటే పదేళ్ళు పెద్ద. బక్కపలచటి మనిషి, మాట మెల్లగా ఉండేది. ఆయనకొక అలవాటుండేది. ఫోటో తీసిన తరువాత కెమెరాను మెడలోంచి తీసి ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టేవాడు. కూలికి పోయే మనిషైనా, చూపు ఆనని ముసలమ్మైనా సరే. "ఇంతసేపు ఇది నిన్ను చూసింది. ఇగ నువ్వు చూడు దీన్ని" అనేవాడు. వాళ్ళు దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, సిగ్గుపడుతూ తిరిగి ఇచ్చేవాళ్ళు. కింద పడేస్తారని నేను గొణిగితే, "మొఖమే ఇచ్చిండ్రు గదనే మనకు. మనం ఈ కెమెర డబ్బ ఇయ్యలేమా?" అన్నాడొకసారి.

నిజం విమానాలు దిగడం మొదలయ్యాక మా పని మారింది. మంఖాల్, మామిడిపల్లి, జల్‌పల్లి నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళను సాగనంపడానికి ఇంటిల్లిపాదీ ఆటోల్లో వచ్చేవాళ్ళు. లోపలికి పోయే అద్దాల తలుపు ముందు ఒక ఫోటో కావాలి, నాలుగు మాటలు వినిపించేలా కొంచెం వీడియో కూడా కావాలి. పెళ్ళిళ్ళలో తీసే పెద్ద వీడియో కెమెరా భుజానికెత్తితే కాపలావాళ్ళు తరిమేవాళ్ళు. రెండు పనులూ చేసి జేబులో పట్టే కెమెరా కోసం ఇద్దరం కోఠికి పోయాము.

అక్కడ నాకొకటి కంటికి ఆనింది. వెండిలా తళతళలాడుతోంది, దూరపువి దగ్గరికి లాగుతుంది. "దీంతోని చంద్రుని మీది మచ్చలు గూడ లెక్కవెట్టొచ్చన్నా!" అన్నాను. "మనం ఎయిర్‌పోర్టుకు పోతున్నం గని చంద్రుని కాడికి పోతలేము గదా" అంటూ ఆయన నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టి, నా పేరు మెల్లగా చెప్పమన్నాడు. వెండిదానితో ఒకసారి, పక్కనున్న మొద్దు నల్లదానితో ఒకసారి వీడియో తీశాడు. తీసినవాటిని చూడలేదు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెవికి ఆనించుకున్నాడు. "తెల్లదాంట్ల దాని మరసప్పుడే ఇనొస్తుంది. నల్లదాంట్ల నీ గొంతు ఎన్కల నీ ఆయాసం గూడ ఇనొస్తుంది. ఇదే కొందాం" అన్నాడు.

నా మాట చెల్లలేదని చిన్నతనమనిపించింది. ఆ నల్లదాని గురించి కూడా నాకే ఎక్కువ తెలుసనిపించుకోవాలని, తిరుగు బస్సులో ఒక మాట వదిలాను. "దీంట్ల ఇంకో ఫాయిద ఉన్నదన్నా. వీడియో నడుస్తుండంగనే మీట నొక్కితె ఫోటో గూడ పడ్తది."

"నీకు ఎర్కేనా?"

"ఎర్కనే. దాని పుస్తకంల చదివిన."

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను చూసింది బొమ్మలు.

వారం తిరగకుండానే మంఖాల్ నుంచి నర్సింహ అనే అతను వచ్చాడు. మస్కట్‌లో డ్రైవర్ పని దొరికింది. ఇంట్లో రెండు నెలల ఆడపిల్ల. మూడో నెలలో ఉయ్యాల కట్టి, తొట్టెల వేడుక చేసి పేరు పెట్టాలి. వాళ్ళింటి ఆనవాయితీ ప్రకారం పేరును తండ్రే బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. వీసా ముందే వచ్చేసింది. "తిరిగొచ్చేసరికి నా బిడ్డ నడుస్తుంటది అన్నా. దానికి నేను ఎరుక పడాలె గదా. ఎత్తుకున్న ఫోటో ఒక్కటి మంచిగ తియ్యుండ్రి" అన్నాడు. ఆ రోజు యాదగిరన్నకు జ్వరం. నన్ను ఒక్కణ్ణే పంపాడు.

అద్దాల తలుపు ముందు వీడియో మొదలుపెట్టాను. బిడ్డనెత్తుకుని నర్సింహ, పక్కన భార్య సుజాత కదలకుండా నిలబడగానే ఫోటో కోసమని మీట నొక్కాను. "ఇంకోటి" అని మళ్ళీ నొక్కాను. తరువాత యాదగిరన్న లాగే కెమెరాను నర్సింహ చేతికిచ్చాను. అతను దాన్ని బిడ్డను ఎత్తుకున్న చేతితోనే పట్టుకుని, ముఖం వంచి బిడ్డతో ఏదో చెప్పుకున్నాడు. కెమెరా తిరిగి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. పడ్డాయో లేదో చూడండని సుజాత అడిగితే, "నా చేతిల తప్పు పోదు చెల్లే" అన్నాను.

స్టూడియోకు వచ్చి చూస్తే ఒక్క ఫోటో లేదు. నేను మొదటిసారి నొక్కినప్పుడు వీడియో ఆగిపోయింది, రెండోసారి నొక్కినప్పుడు మళ్ళీ మొదలైంది. మొదటి ముక్కలో వాళ్ళు నడిచి రావడం ఉంది. నిలబడే క్షణానికి తెగిపోయింది. రెండోదాంట్లో నేల, చెప్పులు, తాడు కట్టిన పెట్టె. యాదగిరన్న దుప్పటి కప్పుకుని వచ్చి చూశాడు.

"ఎయిర్‌పోర్టు కాపలావాళ్ళు కెమెరను మిషన్ల పెట్టి చూసిండ్రు, అన్ని తుడ్చుకపోయినయని చెప్దామన్నా" అన్నాను.

"గట్లంటె ఆమె రేపు ఆ తలుపు దిక్కు చూడనీకే భయపడ్తది. వద్దు."

"అయితే ఈ చెప్పుల వీడియో తీసేస్త."

"ఆగు" అన్నాడు. కెమెరాను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. తరువాత దాన్ని నా చెవికి పెట్టాడు. ఆటోల మోతలో, అతి దగ్గరగా, నర్సింహ గొంతు: "మౌనికా... మౌనికా... మౌనికా... నేనేరా నాయినను."

మర్నాడు జ్వరంతోనే స్కూటర్ మీద నన్నెక్కించుకుని మంఖాల్ పోయాడు. గడపలో నిలబడే చెప్పాడు. "ఫోటో పడలే తల్లీ. మాకు ఈ కెమెరా నడ్పుడు రాలే. తప్పు మాదే." 'మాకు' అన్నాడు. నా వైపు కూడా చూడలేదు. నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. సుజాత మమ్మల్ని తిట్టలేదు. "పిల్లకు ఏం చూపెట్టాలె అన్నా?" అని మాత్రం అంది. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను లేపి కూర్చోబెడుతుంది. యాదగిరన్న కెమెరాను ఆమె చేతుల్లో పెట్టి ఆ రెండో ముక్క వినిపించాడు. ఆమె గోడకు చేరగిలబడి మూడుసార్లు విన్నది.

తొట్టెల నాడు మళ్ళీ పోయాము. మస్కట్ పనిలో నర్సింహకు ఫోన్ చేసే వీలు శుక్రవారమేనట, తొట్టెల పడింది బుధవారం. పేరు పెట్టే వేళకు సుజాత ఆ నల్ల కెమెరాను బిడ్డ చెవి దగ్గర పెట్టింది. తండ్రి గొంతుతో పేరు మూడుసార్లు వినిపించింది. ఒక్కసారి కూడా ఎక్కువ తక్కువ కాలేదు. మొదటి ముక్కలోంచి యాదగిరన్న ఒక బొమ్మ తీసి ఇచ్చాడు. పెద్దది చేస్తే చెదిరిపోయేది, తపాలా బిళ్ళంత ఉంటేనే ముఖం తెలిసేది. దాన్నే తొట్టెల కొయ్యకు కట్టారు.

ఈ కథ నేను ఎన్ని చోట్ల చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ అందులో నేను తెలివిగలవాణ్ణి. తండ్రి గొంతు దక్కాలని కావాలనే కెమెరా అతని చేతికిచ్చాను, కావాలనే మీట నొక్కాను. ఒకసారి చాయ్ హోటల్లో చెబుతుండగా వెనక బల్ల దగ్గర యాదగిరన్న కూర్చుని ఉన్నాడు. చూడగానే కథ ఆపేశాను. ఆయన చాయ్ ఊదుకుంటూ, "ఆపినవేంది కిష్టయ్యా? చెప్పు, మంచిగనే ఉన్నది" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నేను తప్పు ఒప్పుకునేవాణ్ణేమో. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఒప్పుకోవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

"తాతా, వీడియో నడుస్తుంటే మధ్యల ఫోటో తియ్యొస్తదా దీంతోని?" నవ్య అడిగింది. 'ఎందుకు రాదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

అది నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు తెల్వనిది గూడ ఉన్నదా?"

"మస్తుగున్నయి. మంఖాల్ తొట్టెల కథ నీకు తప్పు చెప్పిన. బస్సుల పోంగ మళ్ళ చెప్త, ఈసారి సక్కగ. ముందుగాల ఆ అమ్మాయిని అడుగు. ఊకె చెప్పుడు కాదు, తీసి చూపియ్యమను."

అమ్మాయి తీసి చూపించింది. నవ్యను పది అడుగులు వెనక్కి నడిపించి పేరు చెప్పించాను. మూడింటినీ చెవికి పెట్టుకుని ఒకటి ఎంచాను. నవ్య దాన్ని అందుకుని, గల్లా ముందే నన్ను నిలబెట్టి, "పండ్లు కనబడేటట్టు నవ్వు తాతా" అని మొదటి ఫోటో తీసింది. తీసి సంచిలో వేసుకోబోతుంటే చెయ్యి చాచాను.

"ఆగు బిడ్డా. ఇంతసేపు ఇది నన్ను చూసింది. జర నా చేతికియ్యి."