బియ్యం మీద నాలుగు వేళ్ల గుర్తు

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను కాపురానికి వెళ్లిన ఊరు బోగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉంటుంది. అక్కడి సాయిబుల ఇళ్లలో కూడా మా పుట్టింట్లో లాగా తెలుగే మాట్లాడేవాళ్లు. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసేవాళ్లు. శుక్రవారం ఆ ముంతలన్నీ మా ఇంటికి వచ్చేవి. మా ఆయన మసీదులో హజరత్. నమాజు చేయించడం, పిల్లలకు చదువు చెప్పడం ఆయన పని. జీతమంటూ లేదు. ఆ బియ్యంలో సగం మాకు, సగం పేదలకు. నెలాఖరు శుక్రవారం పంపకం.

బియ్యం పోసే బాన మా వసారాలో ఉండేది. పోసినప్పుడల్లా పైన చదును చేసి నా కుడి అరచెయ్యి అద్దేదాన్ని. ఎవరైనా తీస్తే గుర్తు చెదిరిపోతుందని మా అత్త నేర్పిన పద్ధతి అది. దేవుడి బియ్యానికి కాపలా నా చెయ్యేనని లోపల్లోపల గర్వం కూడా. పద్దెనిమిదేళ్ల పిల్లకు అంతకన్నా పెద్ద అధికారం ఎవరిస్తారు?

మసీదులో కాళ్లూ చేతులూ కడుక్కునే తొట్టికి నీళ్లు పోసే ఒకావిడ ఉండేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. పంపకంలో మొదటి పేరు ఆమెదే. నీళ్లు పోశాక ఉప్పు మళ్లలోకి పనికి పోయేది. ఆ మళ్లు మా ముతవల్లివి. మసీదు పెత్తనమూ ఆయనదే, మేముండే ఇల్లూ ఆయనదే. ఆ ఏడు అదను తప్పి వాన పడి, గట్టున పోసిన ఉప్పంతా కరిగిపోయింది. ఉప్పే లేనప్పుడు కూలి ఎక్కడిదని ఆయన చేతులెత్తేశాడు. ఎండలో ఉప్పు లాగిన వాళ్ల కష్టం కూడా వానలో కరిగిపోయినట్టే లెక్క.

పంపకం ఇంకో వారం ఉందనగా, ఒక శుక్రవారం పొద్దున ముతవల్లి భార్య తానే ముంత తీసుకుని వచ్చింది. బాన మూత తీశాను. చదునుగానే ఉంది, చెయ్యి గుర్తూ ఉంది. కానీ చిటికెన వేలు పడలేదు.

“ఏందక్కా ఇది! నా చేతికి అయిదు వేళ్లుంటే ఇక్కడ నాలుగే పడినాయే!” అని పకపకా నవ్వాను.

ఆమె నవ్వలేదు. చిటికెన వేలు వంగిపోయి చాపలేని మనిషి ఊరంతటికీ ఒక్కరే, మసీదుకు నీళ్లు పోసే ఆవిడ. ఆ సంగతి నా బుర్రకు తట్టేసరికి అక్క ముంత అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నా నోరు పడిపోను అని తిట్టుకుంటూ తలుపు చాటున కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం నమాజు ముగించుకుని మా ఆయన అన్నానికి వచ్చారు. అప్పటికే సంగతి ఊరంతా పాకింది.

“ఆమె చేసింది దొంగతనమేనా?” అని అడిగాను.

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది. “ఆ బియ్యం ఆమెవే. వారం ముందు తీసుకునింది, అంతే. చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్నారు మన ప్రవక్త. కరువు ఏడు దొంగతనానికి శిక్ష ఆపించినాడు ఒక ఖలీఫా. ఇక్కడ దొంగెవరో నాకు తెలుసు.”

“అయితే ఆ మాట అందరి ముందర చెప్పండి.”

“చెప్తా” అన్నారు. అన్నం సగంలోనే వదిలి లేచారు.

సాయంత్రం నమాజయ్యాక మసీదు ముందు అందరూ చేరారు. నేను మా ఇంటి తడిక వెనక నిలబడ్డాను.

“హజరత్, దొంగతనం గురించి మన దీన్‌లో ఏముండాది?” అని ముతవల్లి అడిగాడు.

మా ఆయన నేల చూశారు. “తప్పే” అన్నారు.

రెండో మాట కోసం తడిక పట్టుకుని ఎదురు చూశాను. రాలేదు. ఆయన మీద కోపం వచ్చింది. నేను బయటికి వచ్చి ఆ రెండో మాట చెప్పానా? నేనూ చెప్పలేదు.

ఆమె ముందుకు వచ్చి చెయ్యి చాపింది. “చెయ్యి నరకమని ఉండాదంట గదా, నరకండి. ఒక వేలు మీ ఉప్పు మళ్లలో ఎప్పుడో పోయింది. మిగిలినయ్యి తీసుకోండి.”

ఆమె తడిక వైపు తిరిగింది.

“గుర్తు చెదిరితే నిన్నంటారని మళ్లా అద్దినానమ్మా. నా వేలి సంగతి నాకే గుర్తు లేకపాయ.”

నీళ్ల పని తీసేశారు. పంపకంలో పేరు కొట్టేశారు. వారం తిరక్కుండా పిల్లల్ని తీసుకుని సూళ్లూరుపేట వైపు వెళ్లిపోయిందని ఎవరో అన్నారు.

నెలాఖరు పంపకంలో ఆమె వాటా మిగిలిపోయింది. హజరత్‌నే ఉంచుకోమని ముతవల్లి పెద్ద మనసు చేశాడు. మా ఆయన వద్దనలేదు. మా సగం బాకీలకే పోయి ఇంట్లో గింజ లేదు, నేనూ వద్దనలేదు. ఎసరు పెట్టి, అలవాటుగా పిడికెడు తీసి ముంతలో వేశాను. మిగిలినవి వండాను. ఇద్దరం తిన్నాం.