కొమ్మ దించని ఆదివారం

జోఫ్కా కక్కుర్తిపడి కొమ్మ దించలేదని, ఎదురింట్లో ఉండే కార్లో అనే ఆయన గిరాకీ కొట్టేసిందని బస్టాపు దగ్గర ఒకటే చెప్పుకుంటున్నారు. పైగా వైన్‌లో నీళ్లు కలిపి పోసిందని ఇంకో మాట. నోళ్లు పడిపోను! ఆ ఆదివారం ఆ ఇంట్లో ఒక్క గ్లాసు కూడా అమ్ముడుపోలేదు. చూసినవాళ్లున్నారు, అడగండి.

జోఫ్కా సంగతి తెలియనివాళ్లు ఈ రాళ్లగుట్టల మీద ఎవరూ లేరు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. పుట్టింది కింద సముద్రం ఒడ్డున, చేపలవాళ్లింట్లో. పెళ్లై కొండెక్కి వచ్చిన కొత్తలో ద్రాక్షతీగకీ చిక్కుడుతీగకీ తేడా తెలియదని అత్తగారు ఊరంతా చెప్పి నవ్వేదట. అదే జోఫ్కా ఇప్పుడు పీపా మీద వేళ్లతో కొట్టి లోపల ఎంత మిగిలిందో చెప్పేస్తుంది. వచ్చినవాళ్లెవరైనా రొట్టె అంచులు వదిలేశారో, అయిపోయారే. "అంచులెవరికి పెట్టావు? నాకా? నా పళ్లు చూశావా?" అని ప్లేటు మళ్లీ ముందుకు తోస్తుంది. ఆ తిట్లు తినడానికే త్రియెస్తే నగరం నుంచి జనం సెలవురోజున బస్సెక్కి వస్తారు.

సొంత వైను ఇంట్లోనే పోసి అమ్ముకోవడానికి మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో వంతు. వంతు వచ్చినవాళ్లు పచ్చటి ఐవీ తీగ కొమ్మలు గుత్తిగా కట్టి మెయిన్ రోడ్డు మీద ఒకటి, చర్చి మలుపులో ఒకటి, ఇంటి గేటుకి ఒకటి, ఇంటి పేరు రాసిన చెక్కపలకతో సహా వేలాడదీస్తారు. కొమ్మ చూసుకుంటూ జనం వచ్చి పెరట్లో బల్లల ముందు కూర్చుంటారు. ఆ ఇంటి వైను, ఆ ఇంటి రొట్టె, గుడ్లు, చీజు, ఉప్పు రాసి గాలికి ఆరబెట్టిన పంది తొడ, అంతే. బయటి సరుకు ఒక్కటి కూడా పెట్టకూడదు. పీపా అడుగంటిన సాయంత్రమే కొమ్మలన్నీ దించెయ్యాలి. తెల్లారితే ఇంకో ఇంటివాళ్ల కొమ్మ ఎక్కాలి కదా మరి.

కిందటేడు వడగళ్లు పడి పంట పోయింది. అందుకని జోఫ్కా పీపా ఈ వసంతంలో తొందరగానే, శనివారం సాయంత్రానికే ఖాళీ అయింది. ఆమె మొగుడు స్తాంకో కత్తి పట్టుకుని కొమ్మలు దించడానికి వెళ్లాడు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. చలికాలం నుంచి స్తాంకోకి మతిమరుపు మొదలైంది. ఉప్పుడబ్బా తీసుకెళ్లి మేకుల పెట్టెలో పెట్టేవాడు. ఉన్న కుక్కని, ఎప్పుడో పోయిన కుక్క పేరుతో పిలిచేవాడు. జోఫ్కా ఎవరికీ తెలియనివ్వలేదు. ఆయన వెనకాలే నడిచి, ఆయన చేసిందంతా మళ్లీ సరిచేసి, ఏమీ ఎరగనట్టు ఉండేది. తీగ కత్తిరించడంలో సందేహం వస్తే ఊరంతా స్తాంకో దగ్గరికే వస్తుంది. అలాంటి మనిషిని ఒక్కరు జాలిగా చూసినా ఆమెకి ప్రాణం పోయినంత పని. ఆ సాయంత్రం మాత్రం గ్లాసులు కడుగుతూ ఆయన వెనకాల వెళ్లలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం గేటు తోసుకుని ఆడవాళ్ల గుంపొకటి వచ్చింది. ముందు పియెరీనా. త్రియెస్తే చేపల బజారులో అరిచి అరిచి రిటైరైన మనిషి. ఏటా తన స్నేహితురాళ్లని వెంటేసుకుని ఒక్కరోజు ఇక్కడికి రావాల్సిందే.

"ఏమే జోఫ్కా, గేటు మీద కొమ్మ లేదేం? మేక తినేసిందా?"

"కొమ్మేంటే? మా వంతు నిన్నటితో అయిపోయింది."

"రోడ్డు మీద ఇంత గుత్తి ఊగుతుంటే అయిపోయిందంటావేం? మా మొహాలు నచ్చలేదా?"

జోఫ్కా చెట్టు కింద గుడ్లు ఒలుస్తున్న స్తాంకో వైపు చూసింది. ఆయన చేతులు ఆగిపోయాయి. ఆమెకి అర్థమైపోయింది.

కొమ్మ చూసి వచ్చినవాళ్లని ఎండిన నోటితో పంపడం మా దగ్గర ఉండదు. కూర్చోమంది. పంట చేతికొచ్చేదాకా మొగుడూ పెళ్లాం తాగడానికని వంటింట్లో దాచుకున్న ఎర్ర వైన్ కూజా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది అమ్మేది కాదు. ఎంతని అడక్కుండా నోరు మూసుకుని తాగు."

"నోరు మూసుకుంటే తాగేదెట్లాగే?" అంది పియెరీనా.

స్తాంకో గుడ్ల పళ్లెం తెచ్చి పెట్టాడు. కాసేపటికి ఇంకో పళ్లెం గుడ్లు తెచ్చాడు. ఆ తర్వాత మళ్లీ గుడ్లే.

"ఏమయ్యా స్తాంకో, మమ్మల్ని పొదగమంటావా ఏంటి?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా జోఫ్కా నవ్వింది. "నేనే తెమ్మన్నాలే. కొండెక్కి వచ్చారు, తినండి!"

సరిగ్గా అప్పుడే ఎదురింటి కార్లో వచ్చాడు. ఆదివారం వంతు అతనిది. నడుముకి ఏప్రన్, మొహం కందగడ్డలా ఉంది.

"ఏమ్మా జోఫ్కా, ఇవాళ వంతెవరిది?"

"నీదే."

"రోడ్డు మీద కొమ్మ ఎవరిది?"

"నాదే."

"పొద్దుట్నుంచి బల్లలన్నీ వేసుకుని ఈగలు తోలుకుంటున్నా నేను. వచ్చిన ఒక్క గుంపూ నీ కొమ్మ చూసి నీ గేట్లో దూరింది. ఏంటిది?"

స్తాంకో నోరు తెరిచాడు. జోఫ్కా ముందే అందుకుంది. "నేనే దించలేదు. నాలుగు డబ్బులొస్తాయని ఆశపడ్డాను. పో, ఊరంతా చెప్పుకో."

కార్లో ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వా? మీ అత్తగారు బతికుంటే ఆ కొమ్మతోనే వీపు పగలగొట్టేది."

"కొట్టనీ."

బస్టాపు దాకా వెళ్లింది ఇంతవరకే. గేటు బయట నిలబడి విన్నవాళ్లు అంతవరకు విని వెళ్లిపోయారు మరి.

స్తాంకో చేతిలో గుడ్డు బల్ల మీద పెట్టాడు.

"అది అబద్ధం చెబుతోంది, కార్లో. దించమని నన్నే పంపింది. ఇక్కడివి రెండూ దించాను. రోడ్డు దాకా కూడా వెళ్లాను. అక్కడికి ఎందుకొచ్చానో ఎంతకీ గుర్తురాలేదు. బస్సు కోసమేమోననుకుని బెంచీ మీద కూర్చున్నా. బస్సొచ్చింది. ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. ఇంటికొచ్చేశాను." జోఫ్కా వైపు చెయ్యి చూపించాడు. "ఇది నా వెనకాలే తిరుగుతూ అన్నీ సర్దుతోంది. నేను గమనించట్లేదనుకుంటోంది పిచ్చిది."

"నిన్నెవరు మాట్లాడమన్నారయ్యా!" అని జోఫ్కా కొంగులాంటి తన ఏప్రన్‌లో మొహం దాచుకుంది.

పియెరీనా లేచి ఆమె భుజం మీద చెయ్యేసింది. "మా ఆయన ఆఖర్లో నన్ను చూసి వాళ్లక్క అనుకునేవాడు. ఆవిడంటే ఆయనకి చచ్చేంత భయం. నా మాట విన్నదంటూ ఉంటే ఆ కొన్నాళ్లే." జోఫ్కా ఏడుస్తూనే ఫక్కుమంది.

కార్లో గేటు బార్లా తెరిచాడు. "సరే, లేవండి అందరూ. మా ఇంటికి పదండి. స్తాంకో, నువ్వు కూడా."

"గుడ్లు మావి. నీ ఇంట్లో పెట్టకూడదు," అంది జోఫ్కా ముక్కు తుడుచుకుంటూ.

"అయితే దారిలో తినెయ్యండి!"

నగరం ఆడవాళ్లంతా వీధి మధ్యలో నిలబడి, చెంపలు ఉబ్బించుకుని గుడ్లు మింగుతుంటే చూడాలి. మగవాళ్లిద్దరూ రోడ్డు మీద కొమ్మ దించడానికి నడిచారు.

"ఇకమీదట మీదీ మాదీ ఇద్దరం కలిసే దించుదాం," అన్నాడు కార్లో.

"నేను మర్చిపోతే?"

"నేను చెబుతా."

"నువ్వూ మర్చిపోతే?"

"అప్పుడు జోఫ్కా ఇద్దర్నీ తంతుంది."

జోఫ్కా ఇప్పుడు దాచడం మానేసింది. ఆయన కనబడకపోతే వీధిలోకొచ్చి "మా ఆయన ఇటొచ్చాడా?" అని కేకేస్తుంది. కానీ సాయం మాత్రం అడగదు. కిందికి దిగి తన సముద్రాన్ని చూసి ఎన్నాళ్లయిందో! కళ్ల కింద నల్లబడింది, ఒళ్లు కూడా కాస్త తగ్గింది.

అందుకని మీరెప్పుడైనా ఈ కొండెక్కితే, వాళ్ల వంతైనా కాకపోయినా ఆ గేటు ఒకసారి తట్టండి. స్తాంకో మీ పేరు మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి. ఆయన పక్కన కాసేపు కూర్చుని, ఆమెని ఓ గంట పడుకోమనండి. తిడుతుంది. అయినా లేవకండి.