మిల్లు చెక్కతో నేల పరిచిన మేస్త్రిగారు

మేస్త్రిగారు పోయారన్న వార్త మా వీధి వాట్సాప్ గ్రూపులో చూశాను. పొద్దున ఏడింటికి ఎవరో పెట్టారు. తొమ్మిదయ్యేసరికి గ్రూపంతా జోడించిన చేతుల బొమ్మలే. "గొప్ప పనివాణ్ణి కోల్పోయాం" అని ఒకాయన రాశాడు. గుమ్మం చేయడానికి వారం రోజులు పట్టిస్తున్నాడని మేస్త్రిగారిని నడివీధిలో తిట్టి, ప్లాస్టిక్ తలుపు తెచ్చి బిగించుకున్న పెద్దమనిషి ఆయనే. "లెజెండ్" అని ఇంకొకావిడ రాసింది. ఆవిడ ఆయన్ని "పొగరుబోతు ముసలాడు" అనడం నేను స్వయంగా విన్నాను. మనిషి వినే దశలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మంచి మాట రాని నోళ్ళు, వినలేని స్థితికి వెళ్ళగానే ఎంత చక్కగా తెరుచుకుంటాయో! ఆ గ్రూపులో నేనేమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నేను వినుకొండలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. కొన్నేళ్ళ క్రితం మేమొక పాత ఇల్లు కొన్నాం. ఎప్పుడో మిర్చి వ్యాపారి కట్టుకున్న ఇల్లది. బస్తాలు పెట్టుకున్న పెద్ద గదిని డాన్సు క్లాసుకి సిద్ధం చేయాలనుకున్నాం. ఆ గదిలో పరిచినవి నాపరాళ్ళు. కింద నల్లరేగడి. వేసవిలో నేల బీటలిచ్చి, వానల్లో ఉబ్బి, రాళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందికీ అయిపోయాయి. పైగా రాతి మీద పాదం కొట్టీ కొట్టీ నా మోకాళ్ళు అప్పటికే పాడైపోయాయి. నా దగ్గరికొచ్చే పిల్లలకి ఆ గతి పట్టకూడదని చెక్క నేల వేయించాలనుకున్నాను. మా దగ్గరున్నదానిలో అయిపోవాలి, అదొక్కటే షరతు.

మా బావగారికి, అంటే మావారి అన్నగారికి, మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్ ఉంది. ఆయన దృష్టిలో మనిషి పుట్టిందే గ్రానైటు మీద నడవడానికి. చెక్క అనగానే నవ్వారు. "చెక్క మీద గెంతుతారా? డ్రామా స్టేజీ అనుకున్నావా అమ్మాయ్?" అన్నారు. నేను వినకపోయేసరికి, సరే ఆ ఘనత కూడా తనకే దక్కాలని గుంటూరు నుంచి తనకి తెలిసిన షోరూం అతన్ని వెంటబెట్టుకొచ్చారు.

ఆ అబ్బాయి సూటుకేసు తెరిచి నమూనాలు పరిచాడు. నోరు తెరిస్తే ఓక్, వాల్‌నట్, ప్రీమియం ఫీల్. మన ఊళ్ళో ఉండే ఒక్క చెట్టు పేరు కూడా ఆ నోట రాలేదు. నాపరాళ్ళ మీద నురుగు షీటు పరిచి, పైన పలకలు టకటకా తగిలించి, రెండు రోజుల్లో పని ముగించి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. చూడ్డానికి బాగానే ఉంది. వానలు మొదలయ్యాక కిందనుంచి తేమ పట్టింది. నెల తిరక్కుండానే పలకలు ఉబ్బి గది మధ్యలో ఒంటె మూపురంలా లేచింది. ఫోన్ చేస్తే, "మీరు తడి గుడ్డ పెట్టుంటారు మేడం, అది మెయింటెనెన్స్ ప్రాబ్లం" అన్నాడు. బావగారు ఇంకా నయం, "నేను గ్రానైటే వెయ్యమన్నానుగా" అని తేల్చేశారు.

అప్పుడు వెళ్ళాను మేస్త్రిగారి దగ్గరికి. మా వీధి చివర రేకుల షెడ్డులో వడ్రంగం చేసేవారు. ఆయన ఎవరింటికి వచ్చినా తలుపు కొట్టేది పిలవడానికి కాదు, ఆ చెక్క ఏమిటో తెలుసుకోవడానికి. వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, నచ్చకపోతే ముక్కుతో "హుఁ" అని లోపలికొచ్చేవారు. ఇంటి యజమాని ముఖం మాడిపోయినా ఆయనకి పట్టేది కాదు.

గది మధ్య ఆ మూపురం ముందు నిలబడి, విరిగిన పలక ఒకటి తీసి అంచు చూశారు. గోటితో గీకారు. పై పొర కాగితంలా లేచొచ్చింది.

"ఇది చెక్క కాదమ్మాయ్. చెక్క ఫొటో."

"మరేం చేద్దాం మేస్త్రిగారూ? టేకు కొనే స్తోమత లేదు."

"కొత్త టేకెవడు కొనమన్నాడు? చిలకలూరిపేట అవతల పాత పత్తి జిన్నింగు మిల్లు పడగొడుతున్నారు. పైఅంతస్తంతా చెక్క నేలే. ఇటుకబట్టీలకి పొయ్యిలో కట్టెల కింద అమ్మేస్తున్నారు, గొడ్డు మూకలు."

మర్నాడే ఆటో ట్రాలీ మాట్లాడుకుని వెళ్ళాం. పడగొట్టిన గోడల పక్క ఆ పలకలు గుట్టగా పడున్నాయి. సందుల్లో ఎన్నో ఏళ్ళ దూది నల్లగా గట్టిపడి ఉంది. మేస్త్రిగారు గుట్ట చుట్టూ తిరిగి ఒక్కో పలకనీ కొట్టి విన్నారు, వాసన చూశారు. కూల్చే కాంట్రాక్టరు కుర్చీలో కూర్చుని చూస్తూ, "ముసలాయన చెక్కతో మాట్లాడుతున్నాడేంటి?" అని నవ్వాడు.

"నీతో మాట్లాడటం కన్నా నయంరా" అన్నారు మేస్త్రిగారు, తలెత్తకుండానే.

ఇంటికి తెచ్చాక ఒక్కో పలకలోంచి పాత మేకులు పీకాలి. ఆ పని నాకే చెప్పారు. నేను వెనకాడితే, "డాన్సు నేర్పే చేతులు మేకులు పీకితే అరిగిపోతాయా?" అన్నారు. పది రోజులు పీకాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన చూసి కూడా చూడనట్టే ఉన్నారు. పదకొండో రోజు మాత్రం పటకారు పిడికి పాత లుంగీ గుడ్డ చుట్టి తెచ్చి నా ముందు పడేశారు. జాలి చూపించడం ఆయనకి అలాగే వచ్చు.

గోడల అడుగున గాలి ఆడేందుకు కన్నాలు పెట్టించారు. నాపరాళ్ళు తీయించి, ఇసుక పోయించి, ఇటుక దిమ్మెల మీద సన్న దూలాలు వేశారు. చెదలు పట్టకుండా వాటికి వాడేసిన ఇంజనాయిలు పూశారు. పలకల్ని చిత్రిక పట్టి, మేకు తల పైకి కనపడకుండా అంచుల్లోంచి వాలుగా కొట్టారు. చివరికి అవిసె నూనె రుద్దారు. గోడల దగ్గర వేలెడు సందు వదిలితే, అదెందుకన్నాను.

"వానాకాలం చెక్క ఒళ్ళు చేస్తుంది. మీ బావగారిలా. చోటివ్వాలి."

అంతా అయ్యాక నన్ను ఆడమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని గుమ్మంలో కూర్చున్నారు. నేను గదంతా అడుగులు వేశాను. "ఆగు" అన్నారు. "కిటికీ పక్క మూడోది అబద్ధమాడుతోంది." నాకే తేడా తెలియలేదు. ఆ పలక ఊడదీస్తే, కింద దూలానికీ దానికీ మధ్య దారం పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఒక్కదాని కోసం నాలుగు వరుసలు విప్పి మళ్ళీ వేశారు.

ఇక నేను సిగ్గుపడే సంగతి. గృహప్రవేశం రోజు చుట్టాలంతా ఆ గది చూసి ముచ్చటపడ్డారు. బావగారు మధ్యలో నిలబడి, "గుంటూరు షోరూం సరుకు. ఇంపోర్టెడ్. నేనే మాట్లాడి పెట్టించా" అన్నారు. భోజనం పళ్ళెంతో మేస్త్రిగారు గుమ్మం దగ్గరే ఉన్నారు. నన్ను చూశారు. నేను బావగారిని చూసి నవ్వాను. పండగపూట గొడవెందుకనుకున్నాను. మర్యాద అని పేరు పెట్టుకున్నాను దానికి. పిరికితనం అంటే సరిపోయేది.

మర్నాడు గడప దగ్గర పట్టీ బిగించే పని మిగిలుంటే, చెప్పిన వేళకే వచ్చారు. వచ్చీ రాగానే ఉలి పట్టుకుని గడప దగ్గర కూర్చున్నారు. నేనే అన్నాను: "నిన్న తప్పయిపోయింది. ఇప్పుడే బావగారికి ఫోన్ చేసి చెప్తాను."

"నా ముందు చెయ్యకు. నా కోసమైతే అసలు చెయ్యకు." ఉలి పక్కన పెట్టారు. "ఆయనంతే. రాయి అమ్ముకునేవాడు. నీ సంగతేంటి? అడుగు తప్పు పడితే పిల్లల్ని కసురుతావుగా. నిన్న నీది పడలేదా?"

 నా జీవితంలో ఇంత సూటిగా నన్ను దిద్దిన మనిషి ఇంకొకరు లేరు.

విజయదశమికి ఆ గదిలో క్లాసు మొదలుపెట్టిన రోజు, తల్లిదండ్రులూ చుట్టాలూ అందరూ కూర్చున్నారు. బావగారు ముందు వరసలో ఉన్నారు. పిల్లలు నేలకి దండం పెట్టబోతుంటే ఆపి చెప్పాను: ఈ చెక్క ఏ మిల్లులోదో, షోరూం పలకలు నెలలోపే ఎలా ఉబ్బిపోయాయో, ఈ నేల పరిచిన చేతులు ఎవరివో. బావగారు టిఫిన్ తినకుండా లేచి వెళ్ళిపోయారు. ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. ఆ ఏడాది మేము చాలా ప్రశాంతంగా ఉన్నాం.

సంగతి మేస్త్రిగారికి ఎవరో చేరవేశారు. సాయంత్రం షెడ్డు దగ్గర కనపడితే, "ఆలస్యంగా చెప్పావు" అన్నారు. తర్వాత తన గ్లాసులో టీ సగం ఇంకో గ్లాసులో పోసి నా వైపు జరిపారు. ఆయన చేతి నుంచి నేనందుకున్న మెచ్చుకోలు అదొక్కటే. నాకు ఎంతోమంది శాలువాలు కప్పారు. ఎవరు ఎప్పుడు కప్పారో ఒక్కటీ గుర్తులేదు. ఆ సగం గ్లాసు టీ గుర్తుంది.

ఆఖరి చూపుకి వెళ్ళినప్పుడు షెడ్డు ముందు పాడె కడుతున్నారు. వచ్చినవాళ్ళందరికీ తొందరే. ఒకాయన ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని తాడు చుడుతున్నాడు. అడ్డబద్దలు ఒకటి వంకరగా, ఒకటి జారుగా ఉన్నాయి. "ఎంతసేపుండాలి, కాటి దాకేగా" అన్నారెవరో.

మేస్త్రిగారి భార్య అప్పటిదాకా ఆయన తల దగ్గరే కూర్చునుంది. ఆ మాట విని లేచి వచ్చింది. వెదురు మీద చెయ్యేసి ఊపింది. కదిలింది.

"ఇదా కట్టడం? ఆయన చూస్తే ఏమనేవాడు మిమ్మల్ని?"

ఆడవాళ్ళు ముట్టుకోకూడదని ఎవరో గొణిగారు. ఆవిడ వినిపించుకోలేదు. వేసిన ముళ్ళన్నీ విప్పింది. బద్దలు సమంగా సర్ది, కొంగు నడుముకి దోపుకుని, వెదురుకి పాదం తన్నిపెట్టి, తాడు రెండు చేతులతో వెనక్కి లాగి, ఒక్కో ముడీ బిగించుకుంటూ వెళ్ళింది. అంతమంది మగవాళ్ళూ చేతులు కట్టుకుని, ఆవిడ పని అయ్యేదాకా ఎండలో నిలబడ్డారు.