తమ్ముడక్క నోరు జారిన మాట

ఆమె వృత్తి దర్జీపని. చొక్కా కాలర్లు తిరగేసి కుట్టడంలో ఆ వీధిలో ఆమెకు పేరుంది. పేరంటే మరీ గొప్పదేమీ కాదు, ఒకసారి తెచ్చినవాళ్లు మళ్లీ తెచ్చేటంత. అసలు పేరుతో మాత్రం ఎవరూ పిలవరు. అందరికీ ఆమె తమ్ముడక్క.

ఆ పేరు నాటకం పెట్టింది. ఊరి నాటకసమాజం వాళ్లు ఏటా ఆడే పాత హాస్యనాటకంలో, ఓడల వర్తకుడి మీద మనసుపడ్డ ఒక పిల్ల మగవేషం కట్టి అతని దగ్గరే గుమాస్తాగా చేరుతుంది. సంగతి తెలియని వర్తకుడు తన గోడంతా ఆ గుమాస్తాకే వెళ్లబోసుకుంటాడు. మాటకు ముందొక 'తమ్ముడూ', వెనకొక 'తమ్ముడూ' తగిలిస్తాడు. వేషాలకు బట్టలు కుట్టడానికి వెళ్లిన ఆమెను, గుమాస్తా వేషం కట్టవలసిన అమ్మాయి మంచాన పడ్డప్పుడు, "కుట్టినామెకే చొక్కా సరిపోయింది. ఇంక వెతుకులాట దేనికి?" అని నాటకం ఆడించే మాస్టారు రంగం మీదికి తోశారు. ఆ తోపు తోపే, మళ్లీ దిగలేదు. ఛాతీకి గుడ్డపట్టీ బిగించి, బూట్లలో పేలికలు కుక్కి, జుట్టు టోపీలోకి ఎత్తి, పైపెదవికి జిగురు పూసి మీసం అతికిస్తే అద్దంలో కనిపించేవాడు ఆమెకు మేనల్లుడి వరస అనిపించేవాడు. అందగాడేమీ కాదు, నమ్మదగినవాడు.

నాటకం ఆమెకొక సంగతి నేర్పింది. మన భాషలో 'నేను' అనే మాటకు ఆడా మగా లేదు. వచ్చాను, తిన్నాను, ఏడ్చాను అని ఎవరైనా అనవచ్చు. మనిషి ఏదో ఒకటి చేస్తున్నంతసేపూ భాష ఏమీ అడగదు. 'నేను ఫలానా' అని చెప్పుకోబోయినప్పుడే గుమ్మంలో నిలేస్తుంది, వాడివా, దానివా అని. ఆమె పాఠం మొత్తంలో అటువంటి మాట ఒక్కటే ఉంది. రెండో అంకంలో వర్తకుడు "నీకెవరూ లేరా, తమ్ముడూ?" అని అడుగుతాడు. "నేను ఒంటరివాణ్ణండి" అనాలి.

వర్తకుడి వేషం కళ్లజోళ్ల కొట్టాయనది. భార్య పోయినవాడు, మితభాషి. రంగం మీద ఆమె భుజాన చెయ్యి వేసి కష్టసుఖాలు చెప్పుకున్న ఆ మనిషే, తెర పడగానే రెండడుగులు వెనక్కి జరిగి "దర్జీగారూ, ఈ గుండీ కాస్త చూస్తారా?" అంటాడు. మర్యాదకు లోటు లేదు; లోటల్లా ఆ మర్యాదే. ఆమె అతన్ని కోరుకుందా అంటే, మొదట కోరుకున్నది ఆ చనువును. మీసంతో వచ్చి మీసంతో పోయే చనువది. సవతులున్నవాళ్లు ఎదుటిమనిషిని తిట్టుకుని ఊరడిల్లుతారు. ఆమె సవతి అద్దంలోనే ఉంది, మీసాలతో.

ఒక ఏడు కొట్టాయన, కొట్టు ఎత్తేసి అన్నగారి ఊరికి పోతున్నట్టు చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నపు ఆట అతనికి ఆఖరిది.

"ఏం తమ్ముడక్కా, అన్నగారు వెళ్లిపోతున్నారటగా. పంపకాలు అయ్యాయా?" అన్నారు మాస్టారు, రంగు పూసుకునే గదిలో.

"ఎప్పుడో అయ్యాయండి. ఆయనకు ఓడలు, నాకు సూదులు."

అందరూ నవ్వారు, ఆమె కూడా. వెళ్లేలోగా అతనికి ఒక్కసారి తెలిస్తే చాలు, తెలిసి ఏం చేసినా సరే అని ఆమె కోరిక. కానీ 'మీరు' అని మొదలుపెట్టిన ఏ వాక్యమూ అక్కడిదాకా నడిచేది కాదు.

రెండో అంకం వచ్చింది. భుజం మీద చెయ్యి పడింది. "నీకెవరూ లేరా, తమ్ముడూ?"

"నేను ఒంటరిదాన్నండి."

తెరచాటున పుస్తకం పట్టుకున్న మాస్టారు "వాణ్ణి, వాణ్ణి" అని బుసకొట్టారు. హాలు ఒక్క క్షణం బిగుసుకుని, ఆపైన విరగబడి నవ్వింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట హాలు గుమ్మం కూడా దాటలేదు. కొట్టాయన చెయ్యి ఆమె భుజం మీదే ఉండిపోయింది. నవ్వు సద్దుమణిగేదాకా ఆమె ముఖంలోకి చూశాడు.

"నిద్రలేక నాలుక మడతపడ్డట్టుంది. మళ్లీ చెప్పు, తమ్ముడూ."

అదే మాట మళ్లీ అంటే గుట్టు రట్టయి, నాటకం అక్కడే కూలిపోతుంది. ఆమె ఏ బట్టనూ సగంలో వదిలిన మనిషి కాదు. "ఒంటరివాణ్ణండి" అంది.

ఆట ముగిశాక అతను అద్దం దగ్గరికి వచ్చాడు. ఆమె మీసం సగం ఊడి వేలాడుతోంది.

"నేను మళ్లీ అడిగింది నాటకం నిలబెట్టడానికి" అన్నాడు.

"తెలుసండి."

"మీరు రెండోసారి చెప్పింది?"

"అది నాటకమేనండి."

మొదటిదాని సంగతి అతను అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది. వర్తకుడి కోటు విప్పి, మడిచి, మళ్లీ విప్పాడు. "అన్నయ్యకు మాటిచ్చేశాను. కొట్టు కూడా అప్పజెప్పేశాను. ముందే గనక..."

"జిగురు ఆరితే ఊడిరాదండి. వెచ్చని నీళ్లు తెచ్చుకుంటాను" అని ఆమె లేచింది. తిరిగి వచ్చేసరికి కోటు కుర్చీ మీద ఉంది.

మరుసటి ఏటికి వర్తకుడి వేషానికి ఒక బడిపంతులు దొరికాడు. గొంతు మంచిది. ఆ నోరుజారుడుకు నవ్వు బాగా వచ్చిందని మాస్టారు దాన్ని, దానికి జవాబుతో సహా, పాఠంలో చేర్చేశారు. అందువల్ల ఆమె ఇప్పుడు ప్రతి ఆటలోనూ తప్పనిసరిగా తప్పు పలకాలి. జనం నవ్వవలసిన చోట నవ్వుతున్నారు. మాస్టారికి ఒక్కటే ఫిర్యాదు.

"రెండోసారికి ఆ ఆలస్యమెందుకమ్మా? నవ్వు చల్లారిపోతోంది. టపీమని అందుకోవాలి."

"అలాగేనండి" అంటుంది.

తర్వాతి ఆటలోనూ, 'మళ్లీ చెప్పు' అన్నాక, రెండింటిలో ఏది పలకాలో ఇంకా తేల్చుకోనిదానిలా, ఆ కొత్తముఖంలోకి కాసేపు చూస్తూ నిలబడుతుంది.