నీడలో పెట్టిన కెమెరా

తడిసిన నూలుగుడ్డ వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. పోయిన ఆదివారం ఓర్వకల్లు దగ్గరున్న మా గోల్ఫ్ మైదానంలో, కొత్తగా చేరిన ఒకాయన ఫోను ఎండకు కాగి ఆగిపోయింది. ఆయన తువ్వాలు తడిపి దానికి చుట్టాడు. ఆ వాసనకు నా ఒళ్ళు మండింది. పాపం, ఆయన తప్పేమీ లేదు. "మీకు ఇవన్నీ బాగా తెలుసంట గదన్నా, నా స్వింగ్ వీడియో తీసుకోడానికి ఏ కెమెరా కొనమంటారు?" అని మర్యాదగానే అడిగాడు. నేనే కసురుకున్నట్టు జవాబు చెప్పాను. కొత్త కెమెరా వద్దు, ఉన్న ఫోను చాలు, స్టాండు మాత్రం బరువైంది కొనుక్కో, దాన్ని నీడలో పెట్టొద్దు అన్నాను. "ఎండలో ఫోను కాగిపోతాంది గదన్నా" అన్నాడాయన. "కాగితే ఇట్లే గుడ్డ తడిపి చుట్టు. నీడలో మాత్రం పెట్టొద్దు" అని ఇంకా గట్టిగా అన్నాను. నాకేదో తిక్క ఉందనుకుని పక్కకు జరిగాడు.

ఆ జవాబు నాది కాదు, సుంకన్నది. సుంకన్న ఓర్వకల్లు పక్క పల్లె మనిషి. వయసులో ఉండగా హైదరాబాదుకు కూలికి పోయి, అక్కడొక గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళ సంచులు మోస్తూ ఇరవై ఏళ్ళు గడిపాడు. మోస్తూ చూశాడు, చూసి నేర్చుకున్నాడు. కర్నూలులో మాలాంటి వ్యాపారస్తులు కొందరు కలిసి రాతిగుట్టల మధ్య ఈ మైదానం వేసినప్పుడు, ఆట నేర్పడానికి ఆయన్నే పెట్టుకున్నాం. మైదానమంటే పచ్చగా ఊహించుకోకండి. వానలు పడే రెండు నెలలు తప్ప గడ్డి ఉండదు, బంతిని గుంతలోకి దొర్లించే చోట ఇసుకలో నూనె కలిపి చదును చేస్తాం. నాది విత్తనాల వ్యాపారం. కోయిలకుంట్ల దగ్గర సేద్యం చేసే ఇంట్లో పుట్టి, కర్నూలు చేరి స్థిరపడినవాణ్ణి. గోల్ఫ్ ఆడితే పెద్దవాళ్ళ పరిచయాలు దొరుకుతాయని చేరానే తప్ప ఆట మీద ప్రేమతో కాదు. ఆ ప్రేమ సుంకన్న పుట్టించాడు, అదీ తిట్టి తిట్టి. బయట ఎంతటివాడైనా సరే, కర్ర చేతబట్టి ఆయన ముందు నిలబడ్డాడంటే అందరూ ఆయనకు 'అప్పా'లే.

నా స్వింగ్, అంటే కర్ర తిప్పి బంతిని కొట్టే తీరు, నేనే చూసుకోవాలని మొదట ఒక చిన్న కెమెరా కొన్నాను. హెల్మెట్ల మీద పెట్టుకుని మోటారు సైకిళ్ళ వాళ్ళు వాడతారే, అలాంటిది. గండికోట పోయినప్పుడు లోయ మొత్తాన్ని ఒక్క ఫొటోలో పట్టించింది కాబట్టి దాని మీద నాకు మహా గురి. సుంకన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రేకుల షెడ్డు గుంజకేసి పట్టుకుని నన్ను పిలిచాడు. "సూడప్పా, ఆ గుంజ వంగిందా?" లేదన్నాను. "దీంట్లో సూడు." తెర అంచున గుంజ విల్లులా వంగి ఉంది. "ఇనప గుంజనే వంచేది, నీ కర్రను వదుల్తాదా? దీన్ని గండికోటకు పెట్టుకో. ఈడికి నీ ఫోను సాలు, స్లో మోషన్ ఉండాది గదా. మన ఎండ కంటే పెద్ద లైటు యాడ దొరుకుతాది?" అన్నాడు. తరువాత నేను కొన్న తేలికపాటి స్టాండు గుట్టల గాలికి రెండుసార్లు బోర్లా పడింది. బరువైన స్టాండు తెప్పించి, దాని నడుముకు నీళ్ళ క్యాను వేలాడదీశాడు. నేను ఫోను మీట నొక్కి పరిగెత్తుకొచ్చి బంతిని కొడుతుంటే, "ఉరికొచ్చి కొడితే నీ ఆయాసం గూడా వీడియోలో పడ్తాది. ఆ సిన్న రిమోటు కొనుక్కో" అన్నాడు. ఫోను ఎండకు కాగితే నూలుగుడ్డ తడిపి చుట్టేవాడు. నాకు తెలిసిన సరంజామా అంతా ఇంతే. అంతకుమించి ఇప్పటికీ అక్కర్లేదు.

ఆయన అసలు పట్టుదల మాత్రం స్టాండు పెట్టే చోటు మీద. నేల మీద సున్నంతో రెండు గుర్తులు వేసేవాడు. ఒకటి ఆటగాడి ఛాతీకి ఎదురుగా. రెండోది బంతి పోయే దిక్కుకు వెనక, సరిగ్గా చేతుల వరుసలో, చేతులంత ఎత్తున. ఆ గుర్తు నుంచి నాలుగడుగులు వీపువైపు జరిపి తీస్తే, తిన్నగా వచ్చే కర్ర కూడా బయటినుంచి అడ్డంగా కోసుకొస్తున్నట్టు కనబడుతుంది. ఈ ఆటలో అది పెద్ద తప్పు. ఒకరోజు నా స్వింగే రెండు చోట్ల నుంచీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. కాబట్టి ఆ సంగతి నాకు తెలియదనడానికి లేదు. వీడియో తీశాక కూడా వెంటనే చూడనిచ్చేవాడు కాదు. తెరను అరచేత్తో మూసి, "ముందు నువ్వు సెప్పు, ఏం సేసినావు?" అనేవాడు. "మోచెయ్యి వంచినా అనుకుంటా" అంటే, "అనుకునేది వద్దు, వంచినావా లేదా?" అని నిలదీసేవాడు. చెప్పేదాకా చెయ్యి తీసేవాడు కాదు. నలభై దాటిన నేను ఎనిమిదో తరగతి పిల్లాడిలా చెమటలు కక్కుతూ ఒప్పుకునేవాణ్ణి.

మా కమిటీ అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. ఆయన కొట్టిన బంతి ప్రతిసారీ కుడివైపు కంపచెట్లలోకి పోయేది. "నడుము తిప్పల్యా, భుజం తిప్పల్యా, వట్టి సేతుల్తో బాదుతాండావప్పా" అని సుంకన్న ఒకరోజు నలుగురి ముందే అన్నాడు. అన్నది అక్షరాలా నిజం. అధ్యక్షుడికి మండింది ఆ నిజానికో, ఆ 'అప్పా'కో నేను చెప్పలేను. అప్పటినుంచీ బెంగుళూరు నుంచి సూటూ బూటూ ఉన్న కోచ్‌ను తెప్పించాలని ఒకటే పాట. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అందరం షెడ్డు నీడలో మజ్జిగ తాగుతుండగా సుంకన్నను పిలిపించాడు. "మాకు చెప్పేది చాల్లే, నువ్వు కొట్టి చూపించు. వీడియో తీసి, ఇంటర్నెట్‌లో ఉండే పెద్ద ఆటగాళ్ళ పక్కన పెట్టి చూద్దాం. నీ స్వింగ్ బాగుంటే నువ్వే ఉండు" అన్నాడు. వీడియో తీసే సరంజామా ఉన్నది నా దగ్గరే కాబట్టి, ఆ మాటతో సుంకన్న ఉద్యోగం నా చేతిలోని స్టాండు మీదికి వచ్చింది.

ఆ షెడ్డు ఉన్నది బంతి కొట్టేవాడి వీపువైపు. స్టాండు నేను ఆ నీడలోనే పెట్టాను. సుంకన్న చూశాడు. "ఈడ నుంచి తీస్తే వంకర పడ్తాదప్పా. గుర్తు మీద పెట్టు" అన్నాడు. "ఎండలో ఫోను ఆగిపోతుంది. కనబడతాండాది గదా, ఇంక ఎక్కడైతే ఏమి?" అన్నాడు అధ్యక్షుడు, కుర్చీలోంచి లేవకుండానే. అప్పుడు నేనన్న మాట ఇది: "పర్వాలేదులే సుంకన్నా, ఈన్నుంచి గూడా తెలుస్తాది." గుడ్డ తడపడానికి నీళ్ళు పక్కనే ఉన్నాయి. గుర్తు పాతికడుగుల దూరంలో ఉంది. నాకు ఎండలోకి పోవడానికి బద్ధకం, అధ్యక్షుడి పక్క కుర్చీ వదలడానికి అంతకంటే బద్ధకం. సుంకన్న పోయి బంతిని కొట్టాడు. అది తిన్నగా లేచి, తిన్నగా పోయి జెండా పక్కన పడింది. ఆ బంతిని ఎవరూ చూడలేదు. అందరూ నా ఫోను మీద పడ్డారు. తెరమీద కర్ర బయటినుంచి అడ్డంగా కోసుకొచ్చింది. "ఏమప్పా, పాఠం చెప్పేవానిదే ఇట్లుంటే మనకేం నేర్పుతాడు?" అని అధ్యక్షుడు నవ్వితే అందరూ నవ్వారు. సుంకన్న ఎండలో నిలబడి నా వైపు చూశాడు. నేను ఫోనులోకి చూస్తూ కూర్చున్నాను.

ఇక రావద్దని ఆ వారమే కబురు చేశారు, అదీ వాచ్‌మన్‌తో. వీళ్ళ మొహాలకు ఎదురుగా చెప్పే ధైర్యం కూడా లేదు. వీళ్ళు వీళ్ళు అంటున్నాను గానీ నేనూ అందులో ఒకణ్ణే. ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. వచ్చిన బెంగుళూరు కోచ్ కూడా స్టాండు తీసుకుపోయి, చెరిగిపోయిన ఆ సున్నం గుర్తు దగ్గరే పెట్టడం చూశాక ఇంక ఉండబట్టలేక కమిటీలో చెప్పాను. ఆ రోజు కెమెరా పెట్టిన చోటు తప్పు, పెట్టింది నేను, సుంకన్న స్వింగ్‌లో ఏ వంకరా లేదు అన్నాను. అధ్యక్షుడు తాపీగా విని, "సుంకన్నది సరైన చోట నుంచి తీసిన వీడియో ఉందా?" అని అడిగాడు. ఆ నిమిషంలో ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. నా రెండు చెంపలూ వాయించుకున్నా తప్పు లేదనిపించింది.

సుంకన్న అప్పటికి బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే చోట పనికి కుదిరాడు. ఫోను, స్టాండు, కర్ర, ఒక పొట్లంలో సున్నం పట్టుకుని అక్కడికి పోయాను. ఒళ్ళంతా తెల్లటి రాతిపొడితో బయటికి వచ్చాడు. ఒక్కసారి కొట్టి చూపిస్తే సరైన చోట నుంచి తీసుకుపోయి కమిటీకి చూపిస్తానన్నాను. ఆయన కర్ర అందుకోలేదు.

"ఆ పొద్దు వీడియో తీయకముందే నీకు తెలుసు. తీసినంక గూడా తెలుసు. నువ్వొక్క మాట అనింటే సాలు గదప్పా" అన్నాడు.

"తప్పే సుంకన్నా. ఇప్పుడన్నా వాళ్ళు నమ్మాల గదా."

"నమ్మేది నమ్మంది వాళ్ళ ఇష్టం. ఇంకోతూరి కొట్టి నిరూపించుకునే పని నాకు లేదు. సెప్పాల్సినోడివి నువ్వు, సెప్పుకో పో."

లోపలికి పోయి మిషను వేసుకున్నాడు. ఆ రొదలో నేను ఇంకేమి మాట్లాడినా వినబడదు. తెచ్చినవన్నీ తిరిగి సర్దుకుని వచ్చేశాను.

ఇది జరిగి మూడేళ్ళు. నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. ఇప్పుడు ఎవరైనా ఎవరి మీదైనా ఫోను చూపించి తీర్పు చెబుతుంటే, అది ఎక్కడ నిలబడి తీశారని అడుగుతున్నాను. తెలిసింది వెంటనే అనేస్తున్నాను. దానివల్ల నాకు మైదానంలో స్నేహితులు తగ్గారు, అధ్యక్షుడు పలకరించడం మానేశాడు. మానేయనీ. కమిటీ అడిగిన వీడియో నా దగ్గర ఇప్పటికీ లేదు. సుంకన్న స్వింగ్ తిన్నగా ఉండేది. ఆ మధ్యాహ్నం నీడలో కూర్చుని ఉన్నప్పుడు కూడా అది నాకు తెలుసు.