పశువుల గడిలో ఆరువందల మంది

చౌరస్తాలో అందరూ ఆవిణ్ణి లెక్కలావిడ అంటారు. పదిహేడేళ్లుగా పెద్దరోడ్డు పక్కన, ఒక చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పోయే బళ్లను లెక్కపెడుతోంది. గుప్పెట్లో చిన్న ఇనుప డబ్బా. బొటనవేలితో నొక్కితే అంకె మారుతుంది. ఒళ్లో రవాణా శాఖ ఫారం. లారీకో గడి, బస్సుకో గడి, కారుకో గడి. ఆ బొటనవేలు మిగతా వేళ్లకంటే లావెక్కింది. నిద్రలో కూడా దుప్పటి అంచు నొక్కుతూ ఉంటుందని మొగుడు వేళాకోళం చేస్తాడు.

బండిలో పోసే ప్రతి లీటరు మీదా రాష్ట్రం పన్ను తీసుకుంటుంది. ఆ పన్ను రోడ్ల నిధిలో చేరుతుంది. ఏ రోడ్డు మీద ఎన్ని బళ్లు తిరిగితే ఆ రోడ్డుకి అంత వాటా. అందుకే బండి ఉన్నవాడి దారి నల్లగా, కొత్త పలకలా మెరుస్తుంది. నడిచే కాలు పెట్రోలు తాగదు. చెమట మీద పన్ను లేదు, అందుకని చెమటకి దారీ లేదు.

కుర్చీకి ఎదురుగా, రోడ్డుకి అవతల, బట్టలు కుట్టే ఫ్యాక్టరీ. పొద్దున్న ఏడున్నరకి ఆరువందల చిల్లర ఆడవాళ్లు ఆరు వరసల రోడ్డుని పరుగున దాటుతారు. చెప్పులు చేతపట్టుకుని, టిఫిన్ డబ్బాలు గుండెకి హత్తుకుని, గాలి తరిమే ఎండుటాకుల్లా. వాళ్లలో లెక్కలావిడ తోడికోడలు ఒకతి. రెండేళ్లలో నలుగురు అవతలికి చేరలేదు. నాలుగో మనిషి తోడికోడలి పక్క మిషను మీద కుట్టేది. ఆ రోజు ఆమె చెప్పు ఎగిరొచ్చి కుర్చీ కాళ్ల దగ్గర పడింది.

ఆ చెప్పు పట్టుకునే లెక్కలావిడ ఇంజనీరు ఆఫీసుకి వెళ్లింది.

"మనుషులు దాటడానికి ఏదో ఒకటి కట్టండి సార్."

"ఫారంలో మనుషులకి గడి లేదమ్మా. గడి లేనిదానికి నిధి రాదు."

"పశువులకి ఉందిగా!"

"పశువుని గుద్దితే బండి పాడవుతుంది. బళ్లవాళ్లు గొడవ చేసి పెట్టించుకున్నారు."

"మనిషిని గుద్దితే?"

ఇంజనీరు పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆ నెలలో, నిధి వాటాలు తేల్చే వారం రోజుల లెక్క వచ్చింది. ఏడున్నరయ్యేసరికి లెక్కలావిడ రోజూ కుర్చీలోంచి లేచి నిలబడి, పరిగెత్తే ఒక్కో మనిషికీ ఒక్కో నొక్కు నొక్కింది. ఆ అంకెలన్నీ పశువుల గడిలో రాసింది.

ఐదు నెలలకి మంజూరు కాగితం పట్టుకుని ఇంజనీరే వచ్చాడు.

"ఏవమ్మా పశువులు? రోజుకి సగటున ఆరువందల పన్నెండు అని రాశావు. ఎక్కడా పేడైనా లేదే?"

అప్పుడే ఫ్యాక్టరీ సైరను మోగింది. ఆడవాళ్లు రోడ్డంచున గుంపుగా ఆగారు. ఆవిడ వాళ్లవైపు వేలు చూపించి, "మీ పశువులు వీళ్లే సార్," అంది. ముందు వరసలో ఉన్న తోడికోడలు ఆ మాట విననే విన్నది.

"మమ్మల్ని పశువుల్లో రాశావా అక్కా? నీ చేత్తో అన్నం పెడతావు, ఇక్కడ గడ్డి తింటామని రాస్తావా?"

"నోర్మూసుకోవే. చచ్చాక లెక్కపెట్టడం నావల్ల కాలేదు. బతికుండగా ఏ గడి దొరికితే ఆ గడిలో రాశాను."

ఇంజనీరు గొంతు తగ్గించాడు. "తప్పు లెక్క అని సంతకం పెడితే నిధి వెనక్కి పోతుంది, నీ పనీ పోతుంది. పశువులే అని పెట్టావనుకో, రోడ్డు కింద పశువుల తూము కడతారు. నేను చూడనట్టు ఊరుకుంటా. ఎత్తు ఐదడుగులు."

"నేనే ఐదున్నర ఉన్నాను!" అంది తోడికోడలు. "ఆరు కట్టండి."

"పశువుకి ఐదు చాలని రూలు."

"అయితే ఏనుగులని రాయండి."

ఎవరో కిసుక్కుమన్నారు. "ఈ రోడ్డు మీద ఏనుగులు లేవమ్మా," అన్నాడాయన.

"మనుషులు మాత్రం ఉన్నారా సార్, మీ కాగితంలో?"

నవ్వు ఆగిపోయింది. ఒక లారీ వాళ్ల కొంగుల్ని లాగుతూ దూసుకుపోయింది. ఆ దుమ్ములోనే తోడికోడలు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెట్టక్కా సంతకం. వంగే పోతాం. పెట్టకపోయావో, ఇంట్లో నీ మొహం చూడను."

లెక్కలావిడ సంతకం పెట్టింది. ఎంత అదిమి రాసిందంటే పెన్ను ములుకు కాగితంలోంచి కిందికి దిగింది.

ఏడాది తిరిగేసరికి తూము పూర్తయింది. పని సరిగ్గా జరిగిందో లేదో చూడ్డానికి ఇంజనీరు పొద్దున్నే వచ్చి తూము నోటి దగ్గర నిలబడ్డాడు. లోపలి చీకట్లోంచి వీపులు వచ్చాయి, ఆ తర్వాత తలలు. ముందుగా తోడికోడలు బయటికొచ్చి, నడుం మీద చెయ్యి వేసి నిటారైంది. జుట్టులో సిమెంటు పొడి. ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"అంబా," అంది.

వెనకామె కూడా నిటారై, ఆయన ముందు ఆగి, "అంబా" అంది. ఆ వెనకామె కూడా. ఒక్కరూ నవ్వలేదు. ఆయన ఫైలు గుండెకి అడ్డం పెట్టుకున్నాడు. జీపు దగ్గరికి పోదామంటే వాళ్ల మధ్యలోంచే పోవాలి. వాళ్లు వస్తూనే ఉన్నారు, ఒకరి తర్వాత ఒకరు, ఆరువందల పైచిలుకు.

అందరూ అయిపోయాక లెక్కలావిడ వచ్చింది. ఆవిడ తూములోంచి రాలేదు, నడుం వంచలేదు. అయినా ఆయనకి ఎదురుగా నిలబడి, అందరికంటే గట్టిగా అరిచింది.