మాస్టారి వంతు

2001 వేసవిలో టెక్కలిలో జరిగిన ఉపాధ్యాయ శిక్షణకు నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేశారు. అంటే తోటి టీచర్లకు పాఠం చెప్పే పని. అప్పటికి నేను పలాస దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌ని. నాకిచ్చిన అంశం ఇంగ్లిష్ అచ్చుల్లో హ్రస్వాలు, దీర్ఘాలు.

మనకూ ఇ, ఈ ఉన్నాయి కదా, ఇందులో చెప్పేదేముంది అనుకుంటారు చాలామంది. ఇంగ్లిష్‌లో 'షిప్' అన్నప్పుడు నాలుక కాస్త దిగి వదులవుతుంది. 'షీప్' అన్నప్పుడు పైకి లేచి బిగుస్తుంది. నిడివితో పాటు నాలుక ఉండే చోటూ మారుతుంది. పైగా మా ప్రాంతపు మాటకు సాగదీసే అలవాటుంది, హ్రస్వం ఓ పట్టాన నిలవదు. అందుకని ప్రతి టీచరూ బోర్డు దగ్గరికొచ్చి పదాల జంటలు పలకాలి, తప్పు పలికితే నేను అక్కడికక్కడే దిద్దాలి. వెనక బెంచీలో కోర్సు డైరెక్టర్ కూర్చుని చూస్తుంటారు.

గదిలో అడుగుపెట్టబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. ముందు వరసలో దానియేలు మాస్టారు. సోంపేటలో నాకు మొదటి ఇంగ్లిష్ ముక్క నేర్పింది ఆయనే. ఆయన్ని నేనెలా దిద్దను? దిద్దకపోతే మిగతావాళ్లను దిద్దే ముఖం నాకుండదు. ఒక్కొక్కరే వచ్చి వెళ్తుంటే, ఆయన వంతు రాకముందే గంట కొట్టాలని దేవుడికి మొక్కుకున్నాను.

గంట కొట్టలేదు. మాస్టారు లేచారు. సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు. ఆయనకూ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది. 'షీప్' బాగానే అన్నారు. 'షిప్' కూడా అలాగే సాగిపోయింది. దిద్దకుండానే తర్వాతి పేరు పిలవబోయాను.

"సెప్పండి మేడమ్," అన్నారాయన. చిన్నప్పుడు అమ్మీ అని పిలిచిన మనిషి మేడమ్ అనేసరికి ఆయన వైపు తిరిగాను. "నాకింకా రెండేళ్ల సర్వీసుంది. నా తప్పు నువ్వొగ్గేత్తే మా పిల్లల్నెవరు దిద్దుతారు?"

దిద్దాను. నాలుక వదులు చేయమని, దవడ కాస్త దించమని చెప్పాను. ఆయన మళ్లీ మళ్లీ పలికారు, కుదిరేదాకా బోర్డు దగ్గర్నుంచి కదల్లేదు. అంత పెద్దాయనే దిద్దించుకోవడం చూశాక, తర్వాత వచ్చినవాళ్లెవరూ నసగలేదు.

భయపడినవాళ్ల నోరు సరిగా తెరుచుకోదు. అచ్చు పలకాలంటే ముందు నోరు తెరవాలి. అందుకే రిటైరయ్యేదాకా ప్రతి శిక్షణలోనూ బోర్డు దగ్గర మొదట నిలబడింది నేనే. నా తప్పులు వాళ్లచేత దిద్దించుకున్నాకే వాళ్లను పిలిచేదాన్ని. మొదటి పదం పలికేటప్పుడు మాత్రం ప్రతిసారీ భయమేసేది.